ర్యాలీ చివర నడిచినవాళ్లు

బెజవాడ ఊరేగింపుల ఊరు. మేడే వస్తే ఏలూరు రోడ్డు ఎర్రజెండాలతో నిండిపోతుంది. దసరాకి కొండ చుట్టూ జనం, డిసెంబర్‌లో దీక్ష విరమించడానికి నడిచొచ్చే భవానీలు, ఫీజుల కోసం కాలేజీ పిల్లలు, జీతాల కోసం మున్సిపల్ కార్మికులు, ఎన్నికలొస్తే అన్ని పార్టీలవాళ్లు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల ముందు నిలబడితే ఏడాది పొడుగునా ఏదో ఒక నినాదం వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ పుట్టి పెరిగినవాడు రోడ్డు మీద గుంపు ఎదురైతే కంగారుపడడు. "ఇవాళ ఎవరిది?" అని అడిగి బండి పక్కకి తీసుకుంటాడు.

ఇన్ని ఊరేగింపులున్న ఊళ్లో మా వాళ్లు మా పేరుతో మేము నడవడానికి చాలా కాలం పట్టింది. మా వాళ్లంటే మగవాళ్లని ప్రేమించే నాలాంటి మగవాళ్లు, ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లు, కోతీలు (మగపుట్టుక పుట్టి, ఆడతీరున ఉంటూ మగవాళ్లని ప్రేమించేవాళ్లు), హిజ్రాలు, ఇంకా తమ సంగతి తమకే పూర్తిగా తేలనివాళ్లు.

మొన్నామధ్య బెంజి సర్కిల్ దగ్గర కాఫీ షాపులో కొంతమంది కుర్రాళ్లతో కూర్చున్నాను. అందరూ పాతికేళ్ల లోపు వాళ్లే. ప్రైడ్ నడకల చరిత్ర, అంటే మాలాంటివాళ్లు తమ పేరుతో తాము తలెత్తుకుని చేసే ఊరేగింపుల చరిత్ర, వాళ్లకి కంఠతా వచ్చు. 1969 జూన్‌లో న్యూయార్క్‌లో మాలాంటివాళ్లు చేరే స్టోన్‌వాల్ బార్ మీద పోలీసుల దాడి, దానికి ఏడాది నిండగానే 1970 జూన్ 28న అదే ఊళ్లో మొదటి మార్చ్. మన దేశంలో 1999 జూలై 2న కోల్‌కతాలో పసుపు టీషర్టులు వేసుకుని నడిచిన 15 మంది. 2008లో ఢిల్లీ, బెంగళూరు, ముంబై. 2013లో హైదరాబాద్. వింటుంటే కడుపు నిండింది నాకు. వాళ్ల వయసులో నాకు ఇందులో ఒక్క ముక్క తెలియదు. 1992 ఆగస్టు 11న ఢిల్లీ పోలీసు హెడ్‌క్వార్టర్స్ ముందు ఒక చిన్న బృందం చేసిన ధర్నా సంగతి నేను చెప్పాను. కన్నాట్ ప్లేస్ పార్కులో మగవాళ్లని పట్టుకుపోతున్నారని చేసిన ధర్నా అది. కోల్‌కతా నడక కన్నా ఏడేళ్లు ముందుది.

అప్పుడు వాళ్లలో ఒకబ్బాయి అడిగాడు. "మరి మన దగ్గర అప్పట్లో ఏమీ జరగలేదా అన్నా?"

జరిగింది. దాన్ని ఎవరూ ప్రైడ్ అనలేదు కాబట్టి ఏ జాబితాలోకీ ఎక్కలేదు. అది ఆ కుర్రాళ్లకి తెలియాలని ఇది రాస్తున్నాను.

నా వయసువాళ్లకి పులిరాజా గుర్తుండే ఉంటాడు. 2000 తర్వాత రెండు మూడేళ్లకి అనుకుంటా, రాష్ట్రమంతా హోర్డింగులు వెలిశాయి. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" పులిరాజా ఎవరో ఎవరికీ తెలియదు. టీ కొట్ల దగ్గర, కాలేజీల్లో, బస్సుల్లో అదే మాట. మా క్లాసులో నవ్వుకోని రోజు లేదు. నేనూ పైకి నవ్వేవాణ్ని, లోపల మాత్రం గుండె దడదడలాడేది. అప్పటికే నా సంగతి నాకు తెలుసు. ఆ రోజుల్లోనే బస్టాండులో ఎవరో చేతిలో పెట్టిన కరపత్రంలో 'పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషులు' అన్న మాట చూశాను. అంతకు ముందు నాలాంటి వాళ్ల గురించి తెలుగులో నేను విన్నవన్నీ బూతులే. తిట్టు కాని మాట మొదటిసారి కనిపించింది ఒక రోగం కాగితం మీద. ఆ కాగితాన్ని మడిచి ఎకనామిక్స్ పుస్తకంలో చాలాకాలం దాచుకున్నాను.

అప్పటికి దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో మనది ఒకటి. కృష్ణా, గుంటూరు జిల్లాల మీదుగా హైవే, లారీలు, మిర్చి యార్డు, పెద్ద రైల్వే జంక్షన్. దానికి తోడు 2003లో హెచ్‌ఐవీని అరికట్టడానికి గేట్స్ ఫౌండేషన్ వాళ్ల ఆవాహన్ ప్రాజెక్టు మొదలైంది. ఊరూరా స్వచ్ఛంద సంస్థలు తెరిచారు. బీకాం అయ్యాక నాకు అలాంటి ఒక సంస్థలో అకౌంట్స్ చూసే పని దొరికింది. ఇంట్లో 'ఎన్జీవో ఉద్యోగం' అని చెప్పాను. అమ్మకి అది గవర్నమెంటు ఉద్యోగం లాగే వినిపించింది.

మా డ్రాప్ ఇన్ సెంటర్, అంటే మా వాళ్లు వచ్చి కాసేపు కూర్చుని వెళ్లే చోటు, గవర్నర్‌పేటలో ఒక సందులో, మేడ మీద రెండు గదులు. ఒక గదిలో చాపలు, ఒక టీవీ, గోడకి నిలువుటద్దం. రెండో గదిలో బల్ల, రిజిస్టర్లు, కండోమ్ పెట్టెలు, వారానికోసారి వచ్చే డాక్టరుగారి కుర్చీ. మధ్యాహ్నం మూడు దాటాక మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలయ్యేది. ఆటోనగర్ మెకానిక్కులు, హోటళ్లలో దోసెలు పోసేవాళ్లు, బట్టల షాపుల సేల్స్‌మెన్, ఒక ప్రైవేటు స్కూలు లెక్కల మాస్టారు, భజనల్లో హార్మోనియం వాయించే ఒకాయన. మెట్లెక్కేటప్పుడు ఒక నడక, ఆ అద్దం ముందుకి వచ్చేసరికి ఇంకో నడక. బయట ఎవరికి ఏ పేరున్నా ఆ గదిలో అక్క, చెల్లి, అమ్మ, కూతురు. నేను లెక్కలు రాసుకునే బల్ల దగ్గర్నుంచి అన్నీ చూస్తూ ఉండేవాణ్ని. నా సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. వాళ్లకి చెప్పాల్సిన పని కూడా పడలేదు.

వాళ్లందరికీ పెద్దక్క ఉండేది. పెళ్లిళ్లకి వంటలు చేసేది. మనిషి బక్కపల్చన, చేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. మా గదిలో మాత్రం పెద్దక్కే. ఎవరింట్లో గొడవ జరిగినా, ఎవర్ని పోలీసులు పట్టుకెళ్లినా ముందు పెద్దక్కకి కబురెళ్లేది. నన్ను తమ్ముడూ అనేది. నా లెక్కల పుస్తకం మీద చెయ్యి పెట్టి "ఇందులో మా కష్టాలు కూడా రాస్తావా తమ్ముడూ?" అని అడిగేది.

డిసెంబర్ 1 ఎయిడ్స్ దినం. ప్రతి జిల్లాలో ఆ రోజు ర్యాలీ చెయ్యాలి. ఆరోగ్యశాఖ నుంచి సర్క్యులర్ వచ్చేది, ప్రాజెక్టుల వాళ్లందరూ తమ తమ వాళ్లని తీసుకురావాలని. మొదటిసారి ఆ కాగితం చదివి వినిపించినప్పుడు సెంటర్లో ఎవరూ నోరు మెదపలేదు. పగలు, బందరు రోడ్డు మీద, ఊరంతా చూస్తుండగా నడవడమా? తెలిసినవాళ్లు కనపడితే? పేపర్లో ఫొటో పడితే? పెద్దక్క ఒక్కతే, "నేనొస్తా, రాసుకో" అంది. ఆ మాటతో ఇంకొకరు, ఆ ఇంకొకరి మాటతో మరొకరు.

ఆ ర్యాలీ వరస నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ముందు బ్యానరు, దాని వెనక అధికారులు. తర్వాత తెల్ల యూనిఫారాల్లో నర్సింగ్ విద్యార్థినులు. తర్వాత ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్ పిల్లలు, మహిళా సంఘాలు. ఆ తర్వాత హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్ల నెట్‌వర్క్. అందరికన్నా వెనక మేము. వెనకే ఉండండి అని ఎవరూ అనలేదు. కానీ ప్రతి ఏడూ మా చోటు అదే. పొద్దున్నే అందరికీ తెల్ల టోపీలు పంచేవాళ్లు. మా వాళ్లు వాటిని కనుబొమ్మల దాకా కిందికి లాక్కునేవాళ్లు. పెద్దక్క ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేది. చొక్కా జేబులో, ఎవరికీ కనపడకుండా, మూర కనకాంబరాలు.

తుమ్మలపల్లి కళాక్షేత్రం దాకా నడక. మొదట్లో అందరూ తల దించుకునే నడిచారు. కొంత దూరం పోయాక ఒక కూడలి దగ్గర ట్రాఫిక్ ఆపారు. సిటీ బస్సు, లారీ, ఆటోలు, కార్లు అన్నీ ఆగాయి. ఖాకీ బట్టల మనిషి చెయ్యి చాచి మాకు దారి ఇస్తున్నాడు. మా వాళ్లలో ఖాకీ చూసి పరిగెత్తని మనిషి లేడు. రాత్రిళ్లు కాలువ గట్ల మీద, బస్టాండు చుట్టుపక్కల ఆ బట్టలు కనిపిస్తే చాలు, చెప్పులు వదిలేసి పారిపోయేవాళ్లు. అలాంటిది నడిరోడ్డు మీద, పట్టపగలు, మా కోసం బస్సు ఆగింది. పెద్దక్క నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. "చూశావా తమ్ముడూ, మన కోసం బస్సాపాడు." అప్పటి నుంచి ఆవిడ తల దించలేదు. "ఎయిడ్స్‌ని తరిమికొడదాం" అని ముందు నుంచి నర్సింగ్ పిల్లలు అంటుంటే వెనక నుంచి మా వాళ్లు రెట్టించిన గొంతుతో అందుకున్నారు.

రోడ్డు పక్కన పళ్ల బండి దగ్గర ఒకావిడ అడిగింది, "మీరే కాలేజీ బాబూ?" అని.

"కాలేజీ కాదమ్మా, మాది ఈ ఊరే" అంది పెద్దక్క.

గుంటూరు వాళ్లు మాకన్నా ధైర్యవంతులు. ప్రాజెక్టు పని మీద నేను అక్కడికీ వెళ్తుండేవాణ్ని. పెద్ద ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్ దగ్గర బయల్దేరి శంకర్ విలాస్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి బ్రాడీపేట వైపు దిగే ర్యాలీ ఒకటి చూశాను. అక్కడ హిజ్రాలు పట్టుచీరలు కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని వచ్చారు. ప్రతి నినాదానికీ చప్పట్లు. వాళ్ల చప్పట్ల ముందు మైకు వినపడలేదు. బ్రిడ్జి మీద నుంచి చూస్తే కింద జనం ఆగిపోయి తలెత్తి చూస్తున్నారు. నాకు ఆ ఏడాది బెజవాడ ర్యాలీ కన్నా గుంటూరు ర్యాలీయే నచ్చింది. పెద్దక్కకి చెబితే ఒక నిమిషం ఆలోచించి, "వాళ్లకి దాచుకోవడానికి ఇల్లు లేదు తమ్ముడూ. ఇంట్లోంచి ఎప్పుడో వచ్చేశారు. మాకు ఇల్లుంది" అంది. ధైర్యం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఇప్పటికీ ఆ మాటే గుర్తొస్తుంది.

మా మీద డబ్బు ఖర్చుపెట్టింది మా మీద ప్రేమతో కాదని మాకు తెలుసు. మా నుంచి జబ్బు మిగతావాళ్లకి పాకకూడదన్నదే వాళ్ల లెక్క. రిజిస్టర్లలో మేము మనుషులం కాదు, 'హైరిస్క్ గ్రూపు'. ఎన్‌జీవోల డబ్బుతో వచ్చింది ఉద్యమమేనా అని తర్వాతి కాలంలో వచ్చిన కార్యకర్తలు అడిగారు. అడగాల్సిన మాటే. కానీ ఆ డబ్బుతో అద్దెకి తీసుకున్న రెండు గదుల్లోనే మా వాళ్లు ఒకళ్లనొకళ్లు మొదటిసారి వెలుతురులో చూసుకున్నారు. ఆ ర్యాలీల్లోనే తమ ఊరి రోడ్డు మీద పగటిపూట గుంపుగా నడిచారు. రోగం పేరు మీద దొరికిన రోడ్డైనా అది మా వాళ్లు నడిచిన రోడ్డే. దాన్ని చరిత్రలోంచి కొట్టేస్తే నేను ఒప్పుకోను.

ఇంకో మాట. డిసెంబర్ 1 కన్నా మా వాళ్లకి దగ్గరైంది మే నెలలో మూడో ఆదివారం. ఎయిడ్స్‌తో పోయినవాళ్ల కోసం కొవ్వొత్తులు వెలిగించే రోజు. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్‌తో బాధపడుతున్న గే యువకులే దాన్ని మొదలుపెట్టారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిసిన రోజు ఒళ్లు జలదరించింది. కృష్ణ ఒడ్డున ఘాట్ దగ్గర మేము వెలిగించిన కొవ్వొత్తులు అక్కడి నుంచే వచ్చాయన్నమాట.

మే నెల బెజవాడ సంగతి తెలిసిందే. పొద్దుగూకినా వేడి దిగదు. కొవ్వొత్తులు చేతుల్లోనే వంగిపోయేవి. ప్రాజెక్టు తరఫున ఎవరో మాట్లాడేవారు, రెండు నిమిషాలు మౌనం, తర్వాత పోయినవాళ్లని తలుచుకోవాలి. మాకు చిక్కొచ్చేది అక్కడే. పేరు పైకి అనలేం. ఆ ఇంటివాళ్లు ఊళ్లోనే ఉన్నారు. కామెర్లతో పోయాడనో, గుండె ఆగిందనో చెప్పుకున్నారు. అందుకని పెద్దక్క పేర్లు లేకుండా చెప్పేది. "మా పెద్ద కూతురు. పాట బాగా పాడేది. మా రెండో కూతురు. దానికి మామిడికాయ పప్పంటే ప్రాణం. మా చెల్లి, చివాట్లు పెడితే నవ్వేది." ఒక్కో మాటకీ ఒక్కో కొవ్వొత్తి ముందుకొచ్చేది. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో పెట్టే మందులు, ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. అయినా చాలామంది ఆ లైన్లో నిలబడితే ఎవరైనా చూస్తారని భయపడి వెళ్లలేదు. మందు ఉండి కూడా పోయినవాళ్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. వాళ్లని తీసుకెళ్లింది జబ్బొక్కటే కాదు, సిగ్గుపడమని మనమంతా కలిసి నేర్పిన చదువు కూడా.

పోలీసుల భయం వెనక 377 సెక్షన్ ఉండేది. 1860లో ఇంగ్లీషువాళ్లు రాసిన శిక్షాస్మృతిలోది, మగవాళ్లు మగవాళ్లతో కలవడం నేరమనేది. మా వాళ్ల మీద ఆ సెక్షన్ కింద కేసు పెట్టడం నేను చూడలేదు. బెదిరించడానికే వాడేవాళ్లు. పర్సు, ఉంగరం, సెల్‌ఫోను పోయేవి. 2001లో లక్నోలో కండోములు పంచే అవుట్‌రీచ్ వర్కర్లనే అరెస్టు చేసి నలభై రోజులకి పైగా జైల్లో పెట్టారు. ఆ ఏడాదే ఎయిడ్స్ మీద పనిచేసే నాజ్ ఫౌండేషన్ అనే సంస్థ ఆ సెక్షన్ మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. ఈ చట్టం ఉంటే మా వాళ్లు వైద్యానికి రారు, దాక్కుంటారు అని. 2006లో ప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కూడా కోర్టులో అదే మాట చెప్పింది. మా వాళ్లలోంచే ఎంపికై తోటివాళ్లకి జాగ్రత్తలు చెప్పే పీర్ ఎడ్యుకేటర్లు ఇదంతా చదివినవాళ్లు కాదు. కానీ రాత్రి ఫీల్డుకి వెళ్లేటప్పుడు ఐడీ కార్డు మెళ్లో ఉందా లేదా అని తడుముకుని చూసుకునేవాళ్లు.

2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చింది, పెద్దవాళ్లు ఇష్టపడి చాటుగా కలిస్తే నేరం కాదని. జస్టిస్ ఏపీ షా, జస్టిస్ మురళీధర్. కోల్‌కతాలో ఆ 15 మంది నడిచి ఆ రోజుకి సరిగ్గా పదేళ్లు. సెంటర్లో టీవీ ముందు ఇసకేస్తే రాలనంత జనం. ఇంగ్లీషు వార్తలు అర్థం కాక నన్ను మధ్యలో కూర్చోబెట్టి చెప్పించుకున్నారు. నేను చెప్పడం పూర్తయ్యాక పెద్దక్క అడిగింది, "అంటే మనం ఇంక దొంగలం కామా?" అని. కామక్కా అన్నాను. ఆవిడ లేచి అద్దం దగ్గరికి వెళ్లి బొట్టు పెట్టుకుంది. మర్నాడు శుక్రవారం. కొండెక్కి అమ్మవారికి చీర పెట్టి వచ్చింది. పూజారిగారు ఎవరి పేరు మీద అని అడిగితే, "మా పిల్లలందరి పేరు మీద" అని చెప్పిందట.

2013 ఫిబ్రవరి 3న హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ అని తెలిసి, మనమూ వెళ్దామని అనుకున్నాం. ఉత్త చేతులతో ఎలా వెళ్తాం, జెండా కుట్టిద్దామంది పెద్దక్క. వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్లి శాటిన్ గుడ్డ ఆరు రంగుల్లో కొన్నాం. స్కూలు ఫంక్షనుకా అని అడిగాడు కొట్టతను. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, వంగపండు రంగు. దర్జీకి ఇస్తే ఆయన లెక్కపెట్టి, "ఇంద్రధనస్సుకి ఏడు రంగులు కదండీ, ఒకటి మర్చిపోయారు" అన్నాడు. ఆరే కుట్టమని బతిమాలాల్సి వచ్చింది. తర్వాత చదివాను. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ ఈ జెండా మొదట తయారుచేసినప్పుడు ఎనిమిది రంగులట. గులాబీ రంగు గుడ్డ సరిపడా దొరక్క ఒకటి తీసేశారు, సరిసంఖ్య ఉండాలని ఇంకోటి తీసేశారు. గుడ్డ దొరకడం మీద ఆధారపడిన జెండా అన్న సంగతి వస్త్రలతలో తిరిగినవాడిగా నాకు చాలా నచ్చింది.

ఆ ఆదివారం పొద్దున్నే శాతవాహన రైలు ఎక్కాం. కాజీపేట దాటేదాకా ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. తెలిసినవాళ్ల ఇంట్లో దిగి, బట్టలు మార్చుకుని నెక్లెస్ రోడ్డుకి వెళ్లాం. పెద్దక్క గంధం రంగు చీర కట్టుకుంది. పగటి వెలుతురులో, చీరలో ఆవిడని నేను చూడడం అదే మొదలు. అక్కడ చాలామంది మొహాలకి మాస్కులు పెట్టుకుని ఉన్నారు. ఎవరో ఆవిడకీ ఒకటి ఇవ్వబోతే వద్దంది. "ఈ ఊళ్లో నన్నెవరు గుర్తుపడతారమ్మా" అంది. డప్పులు మొదలయ్యాయి. తెలుగు, ఇంగ్లీషు, హిందీ నినాదాలు కలగాపులగంగా వినిపించాయి. ఎయిడ్స్ మాట ఎక్కడా లేదు. కొంత దూరం నడిచాక పెద్దక్క అదే అంది నాతో. "తమ్ముడూ, ఇక్కడ ఎవరూ రోగం గురించి మాట్లాడట్లేదేంటి?" ఇది దాని కోసం కాదక్కా, మన కోసం అన్నాను. ఆవిడ నడుస్తూ నడుస్తూ ఏడ్చింది. హుస్సేన్ సాగర్ గాలికి మా జెండా ఒక పట్టాన నిలవలేదు. చెరో చివరా పట్టుకుని వరస మధ్యలో నడిచాం. చివర్లో కాదు.

ఆ సంతోషం ఏడాది నిలవలేదు. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు 2009 నాటి ఆ తీర్పు కొట్టేసింది. దేశ జనాభాలో వీళ్లెంతమంది అన్నట్టు రాసింది. నాలుగు రోజుల తర్వాత, 15న, దేశంలోనూ బయటా చాలా నగరాల్లో నిరసనలు జరిగాయి. మేము బయటికి రాలేదు. సెంటర్‌కి రావడమే మానేశారు చాలామంది. జెండా నా ఓచర్ల బీరువాలో పాత ఫైళ్ల కిందికి వెళ్లింది.

2014లో రెండు సంగతులు జరిగాయి. ఏప్రిల్ 15న సుప్రీంకోర్టులో నల్సా కేసు తీర్పు, ట్రాన్స్‌జెండర్లు తాము ఎవరో తామే చెప్పుకోవచ్చని. జూన్ 2న రాష్ట్రం రెండయింది. రాష్ట్ర విభజన గురించి అందరికీ వాళ్ల వాళ్ల బాధలున్నాయి. మా వాళ్లకి మాత్రం ఒక వింత మార్పు వచ్చింది. హైదరాబాద్‌లో జరగాల్సిన ధర్నాలన్నీ మా ఊరికి వచ్చేశాయి. అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో టెంటు వేసుకుని, పదమూడు జిల్లాల నుంచి వచ్చిన ట్రాన్స్‌జెండర్లు మైకు పట్టుకుని మాట్లాడడం నేను చూశాను. రేషన్ కార్డు, ఇంటి స్థలం, పెన్షన్. ఎయిడ్స్ బ్యానరు లేదు. వెనక వరసా లేదు. 2017 డిసెంబర్‌లో రాష్ట్ర కేబినెట్ ట్రాన్స్‌జెండర్ల విధానం ఆమోదించి నెలకి 1,500 రూపాయల పెన్షన్ ప్రకటించింది. ఆ డబ్బు ఎంత అన్నది పక్కన పెడితే, నాకు తెలిసి ప్రభుత్వం కాగితం మీద మొదటిసారి రోగం లేకుండా మా వాళ్ల ప్రస్తావన వచ్చింది.

పెద్దక్క అది చూడలేదు. పుష్కరాల్లో యాత్రికులకి రాత్రింబవళ్లు వంటలు చేసింది. మరుసటి ఏడాది షుగరు ముదిరి పోయింది. ఎయిడ్స్ కాదు, షుగరు. ఇంటి ముందు షామియానా కింద కుర్చీల్లో బంధువులు కూర్చున్నారు. మా వాళ్లందరూ ప్యాంటు చొక్కాల్లో వచ్చి, ఒక పక్కగా నిలబడ్డారు. ఎవరు మీరంతా అని అడిగితే వంట బృందం అని చెప్పారు. ఆవిడ భార్య మాత్రం బయటికి వచ్చి, ఒక్కొక్కళ్ల మొహం చూసి, "ఆయన ఫోన్లో మీ గొంతులు రోజూ వినేదాన్ని. లోపలికి రండి" అంది.

2018 సెప్టెంబర్ 6, గురువారం. సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలు ఒక్క మాటగా చెప్పారు, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్లకి 377 వర్తించదని. ఈ మనుషులకీ వాళ్ల కుటుంబాలకీ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలని జస్టిస్ ఇందూ మల్హోత్రా రాశారు. కుటుంబాలకి కూడా అన్న ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మధ్యాహ్నం ఇంటికి అన్నానికి వెళ్తే అమ్మ టీవీ చూస్తోంది. నాకు కంచం పెట్టి, కూర వేస్తూ, "ఇది మీ వాళ్ల కేసేనా?" అంది. అవునన్నాను. "గెలిచారా?" గెలిచాం అన్నాను. ఇంకో గరిటె కూర వేసి, "మీ వంటలాయన ఉంటే బాగుండేది" అంది. పెద్దక్క ఒకటి రెండుసార్లు మా ఇంటికి వచ్చింది, ఆఫీసు మనిషిలాగా. అమ్మకి ఏం తెలుసో ఎప్పట్నుంచి తెలుసో నేను అడగలేదు.

ఆ సాయంత్రం బీరువాలోంచి జెండా తీశాం. పర్మిషన్ లేదు, మైకు లేదు. బీసెంట్ రోడ్డులో ఏలూరు రోడ్డు వైపు నుంచి బందరు రోడ్డు వైపు, తోపుడు బళ్ల మధ్య నుంచి నడిచాం. పాతవాళ్లు కొద్దిమంది, నేను ఎప్పుడూ చూడని కాలేజీ పిల్లలు ఇంకొంతమంది. టోపీలు లేవు. గాజులమ్మే ఆవిడ ఇదేం జెండా అని అడిగితే ఒకమ్మాయి నిలబడి ఓపిగ్గా చెప్పింది. ఆవిడ విని, "అయితే మంచిదేగా" అని మళ్లీ బేరంలో పడింది.

ఆ తర్వాతవి అందరికీ తెలిసినవే. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం వచ్చింది. నల్సా తీర్పు తామే చెప్పుకోవచ్చంటే, ఈ చట్టం జిల్లా మేజిస్ట్రేట్ సర్టిఫికెట్ కావాలంది. 2023 అక్టోబర్ 17న మాలాంటి జంటలకి పెళ్లి హక్కు సుప్రీంకోర్టు ఇవ్వలేదు. పోరాటం ఇంకా ఉంది, పిల్లలు చేస్తున్నారు.

కాఫీ షాపులో ఆ పిల్లలకి ఒక్కటే చెప్పాను. మీ పోస్టర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆటోనగర్ మెకానిక్, హోటల్లో దోసెలు పోసే మనిషి వాటిని చూసి ఇది ఎవరిదో పెద్ద చదువులవాళ్ల సంగతి అనుకుని పక్కకి తప్పుకుంటున్నారు. తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. నడక మాల్ దగ్గర కాకుండా బందరు రోడ్డు మీద పెట్టండి. ముందు వరసలో అరవై దాటిన కోతీలని, హిజ్రాలని నిలబెట్టండి, ఎండకి తట్టుకోలేకపోతే ఆటో పెట్టండి. ఇంతకాలం వెనక నడిచారు. ఒకబ్బాయి ఇదంతా ఫోన్లో రాసుకున్నాడు.

మా సంస్థ ఎప్పుడో మూతపడింది. రిపోర్టుల కోసం తీసిన ఫొటోలు సీడీల్లో ఉండేవి. సగం ఇప్పుడు తెరుచుకోవడం లేదు. తెరుచుకున్నవాటిలో బ్యానరు, అధికారులు, నర్సింగ్ పిల్లలు ఉన్నారు. ఫొటోగ్రాఫర్లు ముందు వరస తీసి వెళ్లిపోయారు. మా వరస ఉన్నవి నాకు చాలా తక్కువ దొరికాయి. 2004 నుంచి 2012 దాకా విజయవాడలో గానీ గుంటూరులో గానీ డిసెంబర్ 1 ర్యాలీలో నడిచినవాళ్లు ఇది చదువుతుంటే, అప్పట్లో నర్సింగ్ చదివినవాళ్లు, ఎన్ఎస్ఎస్ పిల్లలు, పేపర్లకి ఫొటోలు తీసినవాళ్లు, మీ ఆల్బమ్‌లు ఒకసారి తిరగెయ్యండి. వెనక చివరగా, తెల్ల టోపీలు కళ్ల మీదకి లాక్కున్న గుంపు కనిపిస్తే నాకు పంపండి. ఇంట్లో తెలియనివాళ్లు, పిల్లల పెళ్లిళ్లు చెయ్యాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఆ ఫొటోలు ఎక్కడా పెట్టను. ఎవరు ఎవరో గుర్తుపట్టగలిగిన పాతవాళ్లు కొద్దిమందే మిగిలారు. వాళ్ల దగ్గర కూర్చుని, ఒక్కో ఫొటో చూపించి, ఒక్కో పేరూ రాసుకోవాలి.